ఎనిమిది పేజీలు తక్కువైన ఇలియడ్: మూడు పుస్తకాల సెట్టు మీద ఒక అడ్తి గుమాస్తా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను పుస్తకాల మనిషిని కాదు, లెక్కల మనిషిని. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో ఇరవై మూడేళ్లుగా గుమాస్తాను. రైతు తెచ్చిన బస్తాలెన్ని, తూకమెంత, హమాలీకెంత, చాట కూలికెంత, పోగా చేతికొచ్చేదెంత, ఇదంతా తక్‌పట్టీ మీద రాసివ్వడం నా పని. అంతకు ముందు కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ చేశాను. అప్పుడు ఇలియడ్ చదివానని చెప్పుకుంటాను గానీ చదివింది గైడు. అకిలీస్ కోపం, హెక్టర్ చావు, విధి పాత్ర, మూడు సైడ్ హెడ్డింగులు, రెండు పేజీల జవాబు. పాసయ్యాను కూడా.

పోయిన ఆషాఢంలో మార్కెట్ ఖాళీగా ఉండి ఫోన్ తిప్పుతుంటే ఈ సెట్టు కనబడింది. గ్రీకు కవి హోమర్ ఇలియడ్, ఒడిస్సీ, రోమన్ కవి వర్జిల్ ఈనియడ్, ట్రాయ్ యుద్ధం చుట్టూ తిరిగే పాత కావ్యాలు, మూడూ ఇంగ్లిష్ తర్జుమాలు, అట్టపెట్టెతో సహా. పెట్టె మీద ధర 1,799, నాకు 1,240కి పడింది. వానలో వచ్చింది, పెట్టె ఒక మూల నాని ఉబ్బింది. అలవాటు చావదు కదా, విప్పగానే కాంటా మీద పెట్టాను. 2 కిలోల 140 గ్రాములు.

సరుకు సంగతి ముందు తేల్చేస్తాను. కాగితం మంచిదే, వెనక అచ్చు ముందుకు కనబడదు. ఇలియడ్‌లో అక్షరం సైజు నా కళ్లద్దాలకు సరిపోయింది. ఒడిస్సీలో మాత్రం ఎందుకో రెండు పాయింట్లు తగ్గించారు, రాత్రిపూట బల్బు కింద చదవలేం. నోట్సన్నీ చివర పెట్టారు, వేలు ఒకచోట, కన్ను ఒకచోట. పేర్లెలా పలకాలో ఎక్కడా లేదు. మ్యాపు రెండు పేజీల మీద వేశారు, సరిగ్గా ట్రాయ్ పట్నం వచ్చి కుట్టు మడతలో పడింది. పదేళ్లు ముట్టడించినా దొరకని ఊరంటే ఏమో అనుకున్నాను, మ్యాపులో కూడా దొరకలేదు.

ఇక అసలు ఫిర్యాదు. ఇలియడ్‌లో 412వ పేజీ తర్వాత 421 ఉంది. ఎనిమిది పేజీలు లేవు, చింపిన గుర్తు కూడా లేదు. కుట్టేటప్పుడే పోయినయి. పోతే పోయినయి గానీ, పోయింది ఎక్కడనుకున్నారు? ఇరవై రెండో సర్గలో. ట్రాయ్ కోట బయట ఆ ఊరి రాకుమారుడు హెక్టర్ ఒంటరిగా నిలబడి ఉంటాడు. ముట్టడికి వచ్చిన గ్రీకు వీరుడు అకిలీస్ మీదికి వస్తుంటే గుండె జారి పరుగు తీస్తాడు. కోటగోడ పక్కన, గాలికి ఊగే అత్తిచెట్టు దాటి, బండ్ల బాట వెంట ఇద్దరూ పరుగెత్తి రెండు ఊటల దగ్గరికి వస్తారు. పేజీ తిప్పితే, ఇంట్లో మగ్గం ముందు కూర్చున్న ఆండ్రోమకీ. హెక్టర్ భార్య.

ఆమెకు ఇంకా ఏమీ తెలీదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. ఊదారంగు బట్ట మీద పువ్వులు నేస్తోంది. యుద్ధం నుంచి మనిషి అలిసిపోయి వస్తాడు, స్నానానికి నీళ్లు కావాలి, పెద్ద గంగాళం పొయ్యి మీద పెట్టండని దాసీలకు పురమాయిస్తోంది. అప్పుడు గోడ దిక్కునుంచి ఏడ్పులు వినబడతాయి. నాడె చేతిలోంచి జారి కింద పడుతుంది.

నాకూ ఏమీ తెలీదు. గైడులో చదివిన ముచ్చట పక్కన పెడితే, ఆ పేజీ మీద నా పరిస్థితి ఆమె పరిస్థితి ఒక్కటే. హెక్టర్ చచ్చాడని ఏడ్పుల్ని బట్టి తెలుసుకున్నాను. ఎలా చచ్చాడో చూడలేదు. ఇంత బాగా ఎవరో కావాలని కుట్టినట్టుంది ఆ తప్పు.

అమ్మిన వాళ్లకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఏ పేజీలు లేవు సర్?" అంది. "హెక్టర్ చనిపోయే పేజీలమ్మా" అన్నాను. ఒక్క క్షణం ఆగి "అయ్యో" అంది. తర్వాత ఫొటోలు పంపమన్నారు, పేజీ నంబర్లు కనబడేట్టు మళ్లీ పంపమన్నారు, పెట్టె నాలుగు వైపులా తీసి పంపమన్నారు. పెట్టెకూ పేజీలకూ ఏం సంబంధమో నేను అడగలేదు. వేరే కాపీ పదమూడు రోజులకు వచ్చింది. హెక్టర్ శవం అకిలీస్ గుడారం దగ్గర పన్నెండు రోజులే పడి ఉంది.

పాత కాపీ వాపసు తీసుకోలేదు, మీరే ఉంచుకోండన్నారు. రెండింటినీ మా సందులో కిరాణం కొట్టు కాంటా మీద పెట్టించాను. తేడా ఐదు గ్రాములు.

ఆ పదమూడు రోజులు ముందు నుంచి మళ్లీ చదివాను. మంచిదే అయింది. మొదటిసారి రెండో సర్గ దాటేశాను, ఓడల జాబితా అని. ఏ ఊరివాళ్లు ఎన్ని ఓడలతో వచ్చారో హోమర్ వరసగా చెప్తూ పోతాడు. చదువుకున్నవాళ్లు కూడా దాన్ని వదిలేస్తారట. ఈసారి నేను వదల్లేదు, పెన్సిల్ తీసి మార్జిన్‌లో కూడిక వేశాను. అగమెమ్నాన్ 100, నెస్టర్ 90, మెనిలేయస్ 60, అకిలీస్ 50. అంత పేరున్న ఒడీసియస్‌కు 12 ఓడలే. నీరియస్ అని ఒకాయన, మహా అందగాడు, 3 తెచ్చాడు. మొత్తం 29 పద్దులు, 1,186 ఓడలు. రెండుసార్లు కూడాను, అంతే వచ్చింది. రాయడం రాని కాలంలో నోటితో కట్టిన పాట అంటారు. ఇది గుమాస్తా పని కాకపోతే ఇంకేంది?

చావుల్లో కూడా అదే లెక్క ఉంది. తక్‌పట్టీ మీద మేం రైతు పేరు, ఊరు, తర్వాత సరుకు, తూకం రాస్తాం. హోమర్ కూడా అంతే. బల్లెం తగిలి పడిపోయే చిన్నవాడికి కూడా పేరు చెప్తాడు, తండ్రి పేరు చెప్తాడు, ఊరు చెప్తాడు, ఆ తర్వాతే బల్లెం ఎక్కడ దిగిందో చెప్తాడు. సిమోయిసియస్ అని ఒక పిల్లగాడు. తల్లి తన అమ్మానాయనలతో గొర్రెల్ని చూడ్డానికి పోయి వస్తూ సిమోయిస్ ఏటి ఒడ్డున కన్నది, అందుకే ఆ పేరు. అజాక్స్ చేతిలో పడిపోతాడు, బండి చక్రం కోసం కొట్టిన చెట్టులాగా. నాలుగు ముక్కల్లో పుట్టుక, పేరు, చావు. మళ్లీ ఎక్కడా రాడు. ఇంకొకడు ఆక్సిలస్, అరిస్బే ఊరివాడు. రోడ్డు పక్కన ఇల్లు, వచ్చేపోయే వాళ్లందరికీ అన్నం పెట్టేవాడు. డయోమెడీస్ చంపేటప్పుడు, తిన్నవాళ్లలో ఒక్కడూ అడ్డం రాలేదంటాడు హోమర్. ఆ ఒక్క వాక్యం చదివి పుస్తకం మూసి బయటికొచ్చి చాయ్ తాగాను. మా బాపు గుర్తొచ్చాడు. ఇంటికెవరొచ్చినా అన్నం పెట్టించేవాడు.

ఒకే మాట పదేపదే రావడం మీద ఆన్‌లైన్లో చాలామంది విసుక్కున్నారు. ప్రతిసారీ "వడిగా కాళ్లాడే అకిలీస్" ఎందుకు, వాడు కూర్చున్నప్పుడు కూడా కాళ్లాడతాయా అని ఒకాయన వెటకారం. ఆయన ఒగ్గుకథ విని ఉండడు. కొమురవెల్లిలో రాత్రంతా డోలు మీద కథ నడిపేవాడికి తర్వాతి ముక్క అందుకునేలోపు నోట్లో ఆడే మాట ఒకటి కావాలి. అదే పాట, అదే వరస, వెనకవాళ్లు అందుకుంటారు. మిల్మన్ ప్యారీ అనే అమెరికా ఆయన 1930లలో యుగోస్లావియా పోయి, చదువురాని గాయకుల పాటలు రికార్డు చేసి ఇదే సంగతి తేల్చాడు. ఒగ్గు కళాకారులు ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లకు దీనికి రికార్డింగ్ మిషన్ అక్కర్లేదు, ఇంటి గడప చాలు.

కొత్త కాపీ వచ్చిన రోజు మంచి ముసురు. దుకాణంలో నేనూ మా దడ్వాయి కాకానే. కాకాకు డెబ్బై దాటాయి. ఎలక్ట్రానిక్ కాంటాలు రాకముందు, కర్ర కాంటా కాలం నుంచి తూకం వేస్తున్నవాడు. సీజన్ లేకపోయినా వస్తాడు, ఇంట్లో కోడలు టీవీ సౌండు పెంచుతుందని. 413వ పేజీ నుంచి చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

ఆ రెండు ఊటల్లో ఒకదాని నీళ్లు వేడి, పొగలొస్తుంటాయి. ఇంకొకటి ఎండాకాలంలో కూడా వడగండ్లంత చల్లన. పక్కనే రాతి తొట్లు. యుద్ధం రాకముందు ట్రాయ్ ఆడోళ్లు అక్కడ బట్టలుతికేవాళ్లు. చావు పరుగు మధ్యలో ఆపి చాకిరేవు ముచ్చట చెప్తాడేంది అనిపిస్తుంది, కానీ ఆపకపోతే ఏం పోతోందో మనకు తెలీదు. మూడుసార్లు కోట చుట్టూ తిరిగారు. మామూలు పందెంలో ఎద్దు తోలో బలిపశువో గెలుచుకుంటారు, వీళ్లు హెక్టర్ ప్రాణం కోసం పరుగెత్తారంటాడు. నాలుగోసారి ఊటల దగ్గరికి వచ్చేసరికి, పైన దేవతల రాజు జియస్ బంగారు తక్కెడ ఎత్తి, రెండు తట్టల్లో ఇద్దరి చావులు పెట్టి, నడిమధ్య పట్టుకుని లేపాడు.

కాకా బీడీ పక్కన పెట్టాడు. "ఏ తట్ట వంగింది?"

"హెక్టర్‌ది."

"మరి బరువెక్కువ ఉన్నోడే గెల్వాలె గద?"

"వాళ్ల తక్కెడలో కిందికి పోయిందంటే పాతాళానికి పోయినట్టు కాకా."

"గట్లనా. మరి జోకినోడే చంపిండా?"

"లేదు. జోకిండు అంతే. అప్పటిదాకా హెక్టర్ పక్కన ఉన్న అపోలో దేవుడు, తట్ట వంగంగనే విడిచిపెట్టి పోయిండు."

కాకా కాసేపు వానకేసి చూశాడు. "దడ్వాయి జేసేది గంతే బిడ్డా. కాంటా చంపది. ఉన్నది జూపెడ్తది. గని ఆ జూపెట్టుడుకే రైతు ఏడుస్తడు."

పది మార్కుల ప్రశ్నకు "విధి పాత్ర" అని నేను రాసిన జవాబు ఏదైతే ఉందో, దానికన్నా ఇది మేలు. గైడులో జియస్ అన్నీ రాసిపెట్టి ఆడిస్తాడని ఉండేది. పుస్తకంలో అలా లేదు. జియస్‌కే చేతులు కట్టేసి ఉన్నాయి. సొంత కొడుకు సర్పెడాన్ చచ్చే గడియ వచ్చినప్పుడు, తప్పిద్దామా అని ఆలోచిస్తాడు. భార్య హీరా అంటుంది: చెయ్, కానీ అప్పుడు ప్రతి దేవుడూ తన కొడుకును తప్పిస్తానంటాడు. ఆయన ఊరుకుని నేలమీద నెత్తురు చినుకులు కురిపిస్తాడు, అంతే. నిద్ర, చావు అనే ఇద్దరు అన్నదమ్ములు ఆ శవాన్ని సొంతూరికి మోసుకుపోతారు.

వెనక నోట్సులో ఒక మాట ఉంది, ఈ సెట్టు ధర దానికే ఇవ్వొచ్చు. గ్రీకులు విధికి వాడే మాట మొయిరా. దానికి అర్థం వంతు, పాలు. అన్నదమ్ములు పంచుకుంటే నీ కింద ఎంత వస్తుందో అది. రోమన్ల మాట ఫాటుమ్, అంటే పలికింది, నోటి మాటగా బయటపడిపోయింది. మనదేమో రాత. ఒకళ్లకు పంపకం, ఒకళ్లకు పలుకు, మనకు నుదుటి మీద అక్షరం. నేను రాసేవాణ్ని కాబట్టి రాత మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాస్తాం. పాలు అంటే మాత్రం గట్టిది. పాలోళ్ల మధ్య ఒకసారి పంచాక ఎవడూ మార్చలేడు, మా ఊళ్లో రెండు గుంటల కోసం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

వీరుడు అనేవాడు తన పాలు ఎంతో తెలిసి కూడా పోయేవాడు. అకిలీస్‌కు రెండు దారులు చెప్పింది తల్లి: ఇక్కడే కొట్లాడితే తొందరగా చావు, ఎప్పటికీ పోని పేరు, ఇంటికి పోతే పేరుండదు, నిండా నూరేళ్లు. హెక్టర్‌కు అంత ఎంపిక కూడా లేదు. పక్కన తమ్ముడు డీఫోబస్ ఉన్నాడనుకుని ఆగి నిలబడ్డాడు. బల్లెం విసిరాడు, డాలుకు తగిలి ఎగిరిపోయింది. ఇంకోటియ్యి తమ్ముడా అని వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. అది తమ్ముడి రూపంలో వచ్చిన అథీనా. అప్పుడు అర్థమవుతుంది అతనికి. ఊరికే చావను, ముందు తరాలు చెప్పుకునే పని ఒకటి చేసి చస్తాను అని కత్తి దూస్తాడు. కాకా ఇక్కడ దేవతను ఒక మాట అన్నాడు, అది రాయను.

నవ్వించే చోట్లు కూడా ఉన్నాయి. ఆరో సర్గలో గ్లాకస్, డయోమెడీస్ యుద్ధం మధ్యలో ఎదురుపడి, తాతల నాటి స్నేహం బయటపడి, కొట్లాట మాని కవచాలు మార్చుకుంటారు. గ్లాకస్ బంగారు కవచం ఇచ్చి కంచు కవచం తీసుకున్నాడు. నూరు ఎద్దుల ఖరీదు ఇచ్చి తొమ్మిదెద్దుల ఖరీదు తీసుకున్నాడు, జియస్ వాడి తెలివి లాగేశాడని హోమరే అంటాడు. నేను ఒప్పుకోను. ఆ ఒక్క బేరంతో గ్లాకస్ ఆ పూట ప్రాణంతో ఇంటికి పోయాడు. జెండా పాట (మార్కెట్ వేలం) రేటు చూసి బేరం మంచిదో చెడ్డదో చెప్పేవాడు మార్కెట్‌కు కొత్త.

ఇక బంగారం సంగతి. చచ్చిపోతూ హెక్టర్ వేడుకుంటాడు, నా శవాన్ని మా అమ్మానాయనకు ఇవ్వు, కావలసినంత కంచూ బంగారం ఇస్తారు అని. అకిలీస్ అంటాడు: మీ నాయన ప్రియామ్ నిన్ను తట్టలో పెట్టి నీ ఎత్తు బంగారం తూచినా ఇవ్వను. ఇక్కడ చదవడం ఆపాల్సి వచ్చింది. కాకా లేచి నిలబడ్డాడు. "నిలువెత్తు బంగారమా?"

మా దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం: మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కితే మనిషిని తూచి అంత బెల్లం ఇస్తాం. ఆ బెల్లాన్నే బంగారం అంటాం. 2024 జాతరకు మా బిడ్డను మా దుకాణం కాంటా మీదే నిలబెట్టాం, జ్వరం తగ్గితే ఇస్తానని వాళ్లమ్మ మొక్కింది. 38 కిలోలు. తూచింది ఈ కాకానే, ఒక కిలో ఎక్కువే వేశాడు, అమ్మ దగ్గర తరుగు తియ్యొద్దని. పిల్ల ప్రాణం దక్కినందుకు నిలువెత్తు ఇచ్చేవాళ్లం మేం. అక్కడ కొడుకు శవం కోసం నిలువెత్తు ఇస్తానన్నా వద్దంటున్నాడు. అదే తూకం, అదే మాట.

చివరికి ఇస్తాడు. ముసలి ప్రియామ్ రాత్రిపూట శత్రువు గుడారానికి పోయి, తన కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. తీసుకుపోయిన సరుకుకు లెక్క ఉంది: చీరలు 12, ఒంటిపొర శాలువాలు 12, దుప్పట్లు 12, తెల్ల పైబట్టలు 12, అంగీలు 12, తూచిన బంగారం 10 టాలెంట్లు, ముక్కాలి పాత్రలు 2, గంగాళాలు 4, థ్రేసియన్లు ఇచ్చిన గిన్నె ఒకటి. నిలువెత్తుకు చాలా తక్కువ. అందులోంచి రెండు బట్టలు, ఒక అంగీ పక్కకు తీసి శవానికి చుట్టమంటాడు అకిలీస్. వచ్చిన సరుకులోంచి వాపసు ఇచ్చిన పద్దు అది. ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు, ఒకడు కొడుకు కోసం, ఒకడు ఎక్కడో ఉన్న నాయన కోసం, చచ్చిన స్నేహితుడి కోసం. తర్వాత అన్నం తింటారు. పదకొండు రోజులు యుద్ధం ఆగుతుంది. హెక్టర్ దహనంతో పుస్తకం అయిపోతుంది. చెక్క గుర్రం లేదు, అకిలీస్ చావు లేదు, ట్రాయ్ తగలబడడం లేదు. వాటి కోసం కొనేవాళ్లు మోసపోతారు.

ఒడిస్సీ గురించి తక్కువ రాస్తాను. అక్షరం సైజు ఒక కారణం, యుద్ధం అయిపోయాక ఇంటికి పోయే కథ కావడం ఇంకో కారణం. కానీ అందులో ఒకచోట పాతాళంలో అకిలీస్ కనబడతాడు. చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండేకన్నా, బతికి, సొంత భూమి కూడా సరిగా లేని బీదవాడి దగ్గర జీతం ఉన్నా మేలే అంటాడు. పేరు కోసమే చచ్చినవాడు ఈ మాట అంటున్నాడు. మా తాత పన్నెండేళ్లు దొర దగ్గర జీతం ఉన్నాడు, ఆయన ఈ మాట ఒప్పుకునేవాడో లేదో చెప్పలేను.

ఈనియడ్ ఇంకొకళ్ల తర్జుమా, వచనంలో ఉంది. గబగబా సాగుతుంది, పాట మాత్రం పోయింది. మొదట నచ్చలేదు. ఓడిన ట్రాయ్ నుంచి ముసలి తండ్రిని భుజాన వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బయటపడ్డ ఈనియస్ కథ. వెనక వస్తున్న భార్య ఆ గుంపులో తప్పిపోతుంది. చెక్క గుర్రం ఇక్కడ ఉంది, రెండో సర్గలో. నా మనసు మారింది మొదటి సర్గలోని ఒక చిన్న ముక్క దగ్గర. ఈనియస్ కార్తేజ్‌లో ఒక గుడికి పోతే గోడల మీద ట్రాయ్ యుద్ధం బొమ్మలు ఉంటాయి. అందులో ప్రియామ్, అకిలీస్ కూడా ఉన్నారు. అక్కడ వర్జిల్ వాడిన మాట: అకిలీస్ ప్రాణం లేని ఒంటిని బంగారానికి అమ్ముతున్నాడు. అమ్ముతున్నాడు! హోమర్ దగ్గర ఏడ్పు, అన్నం, వాపసు ఇచ్చిన అంగీ. ఓడినవాళ్ల కళ్లతో చూస్తే ఒట్టి బేరం. అదే తక్‌పట్టీ, కొన్నవాడు ఒకలా చదువుతాడు, అమ్మినవాడు ఒకలా చదువుతాడు.

నేనుండేది ఖిలా వరంగల్. పొద్దున నడకకు మట్టికోట ఎక్కుతాను, కీర్తి తోరణాల దాకా పోయి వస్తాను. ఈనియడ్ చదివే రోజుల్లో ఆ నడక వేరేగా అయింది. మేడారం కథలో కాకతీయ సేన కప్పం కోసం అడవి మీదికి వచ్చింది, సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగవాగులో పడిపోయాడు, వాగు జంపన్నవాగు అయింది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి కనబడకుండా పోయింది, దొరికింది కుంకుమభరిణె. ఆ కథలో ఈ కోట గెలిచినవాళ్ల కోట. 1323లో ఢిల్లీ సేనలు ఇదే కోటను పట్టాయి. ప్రతాపరుద్రుణ్ని తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెప్తుంది. ఆ కథలో ఇది ట్రాయ్. వర్జిల్ పుస్తకం రెండో సగమంతా ఈ తిరగబడడమే. ట్రాయ్‌లో ఓడినవాడు ఇటలీకి పోయి, అక్కడి టర్నస్ మీద తానే అకిలీస్ అవుతాడు. మళ్లీ తక్కెడ వస్తుంది. ఈసారి జూపిటర్ (రోమన్ల జియస్) ముల్లు సరిచేసి పట్టుకుంటాడు. ఏ తట్ట వంగిందో వర్జిల్ చెప్పడు. కాకాకు అది నచ్చలేదు. "తూకం జేసి చెప్పకపోతే ఆయన దడ్వాయే కాదు."

ఆఖరి పేజీలో టర్నస్ కిందపడి చేతులు చాచి, నన్నో నా శవాన్నో మా ముసలి నాయన దగ్గరికి పంపు అంటాడు. ఈనియస్ చెయ్యి ఆగుతుంది. అంతలో టర్నస్ భుజం మీద పట్టా కనబడుతుంది, ఈనియస్ తోడుగా వచ్చి టర్నస్ చేతిలో చచ్చిపోయిన కుర్రవాడు పల్లాస్ ఒంటి మీంచి లాక్కున్నది. కత్తి దింపుతాడు. ఒళ్లు చల్లబడుతుంది, ప్రాణం గునుస్తూ నీడల్లోకి పోతుంది. అయిపోయింది. దహనం లేదు, ఏడ్పు లేదు, ఎవరూ వచ్చి శవాన్ని అడగరు. నేను గబగబా పేజీ నంబర్లు చూశాను. కుట్టు విప్పదీసి మరీ చూశాను. మళ్లీ పేజీలు పోయినయి, ఈసారి ఎన్ని రోజులు పడుతుందో అని ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను. ముందుమాటకు పోయి చూస్తే తెలిసింది, పుస్తకం అంతే. పదేళ్లకు పైగా రాసి, పూర్తిగా సరిదిద్దకుండానే వర్జిల్ క్రీ.పూ. 19లో చనిపోయాడు. కాల్చేయమన్నాడట. అగస్టస్ చక్రవర్తి కాల్చనివ్వలేదు.

కొనొచ్చా అంటే, కొనొచ్చు. రాగానే పేజీ నంబర్లు వరసగా చూసుకోండి, ముఖ్యంగా ఇలియడ్ నాలుగొందల తర్వాత. ఒడిస్సీ పగలు చదవండి. పెట్టె మీద ఆశ పెట్టుకోవద్దు, నాది ఇప్పటికే పప్పు డబ్బాలకు అడ్డం పెట్టాం. ఐదుకు మూడున్నర ఇస్తాను. అర మార్కు ఫోన్లో "అయ్యో" అన్న ఆ అమ్మాయికి.

పాత కాపీని కాకా మనవడికి ఇచ్చాను, హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాడు. పేజీలు లేని పుస్తకం ఇవ్వడం ఇష్టం లేక, ఆ ఎనిమిది పేజీలు తెలుగులో రాశాను. రాసే కాగితం ఏముంటుంది మా దగ్గర, తక్‌పట్టీల వెనక వైపు. పదకొండు కాగితాలయ్యాయి. మడిచి 412 వెనక అంటించాను. సంక్రాంతికి ముందు, మిర్చి ఇంకా రాకముందు, మనవడు దాన్ని తాతకు చదివి వినిపించాడట. మర్నాడు కాకా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు.

"అంతా మంచిగనే రాసినవ్ బిడ్డా. గని ఆమె మొగనికి స్నానానికని పొయ్యి మీద పెట్టిన నీళ్లేమైనయి?"

"పుస్తకంలో లేదు కాకా."

"అయితే ఇంకా పేజీలు పోయినయి. మల్ల ఫోన్ చెయ్."